తూటా ఆయన జేబులో

నిన్న రామచంద్రపురంలో మా మేనకోడలి పెళ్లి ఊరేగింపులో టపాకాయల పొగ ముక్కుకి తగిలింది. అందరూ డాన్సులేస్తుంటే నేను గోడకి చేరబడిపోయాను. ఇన్నేళ్లయినా ఆ మందు వాసనకి సూర్రావు బాబాయిగారు గుర్తొస్తారు.

ఆయన మాకు చుట్టం కాదు. పెద్దాపురం అవతల మెరక పొలాల్లో నేను కౌలుకి చేసే రెండెకరాల కర్రపెండలం పక్కనే ఆయన చెరకు తోట. మా ఆయన లారీ మీద తిరిగేవారు కాబట్టి సేద్యమంతా నాదే. దుంప ఊరే రోజుల్లో అడవిపందులు దిగాయంటే ఒక్క పూటలో చేను కుళ్లబొడిచేసేవి. బాబాయిగారికి పంట కాపలా కోసం లైసెన్సున్న తుపాకీ ఉండేది. పొద్దువాలే వేళ ఇద్దరం గట్టెక్కేవాళ్లం. ఆయనవి నొప్పుల మోకాళ్లు, అందుకని తుపాకీ నా భుజాన ఉండేది. తూటాలు మాత్రం ఆయన చొక్కా జేబులోనే. పందులు కనిపిస్తే తుపాకీ అందుకుని, తూటా పెట్టి, మనుషులెవరైనా ఉన్నారేమోనని రెండు కేకలేసి, గాల్లోకి పేల్చేవారు.

"ఒక్కసారి నన్ను పేల్చనివ్వండి బాబాయిగారూ" అని సతాయించేదాన్ని.

"నా పక్కనుండి, నా కోసం మొయ్యడం వరకే నీకు చెల్లుతుందమ్మాయ్. పేల్చడానికి లైసెన్సులో పేరుండాలి."

"అబ్బో, పేరు లేకపోతే పేలదా ఏంటండీ?"

"పేలుతుంది. భయమంతా అందుకే."

ఓ సాయంత్రం గట్టు జారి ఆయన బోదె కాలవలో పడ్డారు. మడమ మెలిక పడింది, లేవలేకపోయారు. సరిగ్గా అప్పుడే చెరకులో అలికిడైంది. ఆ ఏడాది నా బతుకంతా పక్కనున్న నా దుంప చేలోనే ఉంది. ఒళ్లు మండిపోయింది. ఆయన జేబులోంచి తూటా లాగేశాను. "వద్దమ్మాయ్, వద్దు! కేకెయ్యి ముందు!" అని ఆయన నా చీర కొంగు పట్టుకున్నారు. విదిలించేసుకుని, రోజూ చూసినట్టే తుపాకీ గొట్టం కిందికి వంచి, తూటా పెట్టి, అలికిడి మీదకే పేల్చాను.

"అమ్మో!" అని మనిషి అరుపు. చెరకులో గడ్డి కోసుకుంటున్న మా ఊరి వీరయ్య. తూటాలోని గుళ్లు రెండు పిక్కలో దిగాయి.

ఆసుపత్రిలో పోలీసులకి చెప్పాల్సిందేనన్నారు. మా మరిది నన్ను పక్కకి తీసుకెళ్లాడు. "ముసలాయన చేతిలో పేలిందందాం వదినా. లైసెన్సుంది కాబట్టి ప్రమాదం కింద పోతుంది. నీ పేరు రాకుండా నేను చూసుకుంటాను." నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను. సిగ్గులేకుండా వెళ్లి ఆయన్నే అడిగాను కూడా.

"అలా చెప్పనమ్మా. నువ్వు పేల్చావనీ చెప్పను. నా తప్పు నేను చెప్పుకుంటాను. నీది నువ్వు చెప్పుకో" అన్నారు. ఆ క్షణాన ఆయనంటే అసహ్యమేసింది.

మర్నాడు పొద్దున్న స్టేషన్లో ఆయన మెలికపడ్డ కాలితోనే కుంటుతూ వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తుపాకీ నాదండి. నా చేతిలో ఉంచుకోవలసినదాన్ని ఉంచుకోలేకపోయాను. ఆ తప్పు నాది." అంతే, ఆగిపోయారు.

ఎస్సై గారు రాయడం ఆపి తలెత్తారు. "మరి పేల్చిందెవరండీ?"

బాబాయిగారు నా వైపు చూడను కూడా లేదు. మరిది నా మోచెయ్యి నొక్కుతున్నాడు. ఇంట్లో పిల్లలు, ఊరంతా ఏమనుకుంటుందో, జైలు, అన్నీ ఒక్కసారే కళ్లముందు తిరిగాయి.

"నేనేనండి" అన్నాను.

ఇద్దరి మీదా కేసు రాశారు. ఆయన లైసెన్సు పోయింది, తుపాకీ పట్టుకుపోయారు. ఒకే బస్సులో, పక్కపక్క సీట్లలో కోర్టు చుట్టూ తిరిగాం. నన్ను ఆయన పల్లెత్తు మాటనలేదు. సాయంత్రాలు ఇద్దరం గట్టు మీద డబ్బాలు వాయిస్తూ పందుల్ని తోలుకున్నాం. పోయేదాకా నన్ను అమ్మాయ్ అనే పిలిచారు.

వీరయ్య మంచివాడు. పిక్క మీద ఆ మచ్చేంటని ఎవరైనా అడిగితే "కంప గీరుకుందండి" అంటాడు. నేనక్కడుంటే మాత్రం ఊరుకోను.

"కాదండి, నేను కాల్చాను" అంటాను.