ఒత్తని నుదురు

మా ఇళ్లలో పసిపిల్లకు నీళ్లు పోయడమంటే ఒట్టి స్నానం కాదు. పెద్దావిడ ఎవరో ఒకరు పీట మీద కూర్చుని కాళ్లు చాపుతుంది. పిల్లను ఆ కాళ్ల మీద వేసుకుని శనగపిండితో నలుగు పెడుతుంది. ముక్కు లాగుతుంది, చెవులు సవరిస్తుంది, తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుని గుండ్రంగా ఒత్తుతుంది. తల పచ్చిగా ఉన్నప్పుడు ఎలా ఒత్తితే అలా కుదురుకుంటుందని నమ్మకం. అందుకే పెద్దయ్యాక ఎవరి తల సొట్టగా ఉన్నా, ఎవరి ముక్కు చప్పిడిగా ఉన్నా, నింద ఆ నీళ్లు పోసిన చేతుల మీదికే వెళుతుంది. నా నుదురు ఇంత ఎత్తుగా ఉండటానికి మా అమ్మ చేతులే కారణమని ఊహ తెలిసినప్పటి నుంచి వింటూ వచ్చాను.

నేను పుట్టేనాటికి మా అమ్మానాయనలు కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లు. ఇంట్లో పెద్దదిక్కు లేదు. ఇరవై ఏళ్లన్నా నిండని అమ్మ, నాయన షిఫ్టుకు వెళ్లాక, ఒక్కతే నాకు నీళ్లు పోసుకునేది. కొన్ని నెలల తర్వాత ఊరి నుంచి మా నాయనమ్మ వచ్చి, నన్ను ఎత్తుకుని, వెలుతురులోకి తిప్పి చూసి, "పిల్ల నొసలు ఒత్తకుండ వదిలేసినవ్. ఇగ ఇప్పుడేం ఒత్తుతవ్, ఎముక ముదిరిపాయె" అందట. ఆ మాట మా ఇంట్లో తీర్పులా నిలిచిపోయింది.

నిజం చెప్పాలంటే అది మామూలు ఎత్తు కాదు. కనుబొమల పైన అరచేతిని అడ్డంగా పెట్టుకుంటే ఇంకా చోటు మిగిలేది. బడిలో నన్ను ఎయిర్‌పోర్టు అనేవాళ్లు. బొట్టు పెట్టుకుంటే దానికి తోడు లేక ఒంటరిగా ఉందని ఏడిపించేవాళ్లు. పెద్దవాళ్లు మాత్రం "ఎంత నొసలుంటే అంత అదృష్టం" అని ఓదార్చేవాళ్లు. పెళ్లిలో నాకు పెట్టిన పాపిటబిళ్ల ఎంత పెద్దదంటే, మా పక్కింటి పిన్ని దాన్ని చూసి, పెళ్లికూతురెక్కడ అని అడిగింది. నవ్వాను. నవ్వడం నాకు అప్పటికే అలవాటైపోయింది.

తొమ్మిదో తరగతిలో ఒకసారి మాత్రం నవ్వలేకపోయాను. బడి వార్షికోత్సవానికి డాన్సు నేర్చుకున్నాం. నన్ను ముందు వరసలోంచి తీసి వెనక నిలబెట్టారు. లైటు పడితే నా నుదురే మెరుస్తుందని టీచరమ్మ అందరి ముందే అన్నది. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టి ఏడ్చాను. నాయన అప్పుడే బాయి నుంచి వచ్చాడు. మా దగ్గర గనిని బాయి అంటారు. కనురెప్పల మీద ఇంకా బొగ్గు నలుసు ఉంది. హెల్మెట్ తీసి పక్కన పెట్టి, నేను ఏడుస్తూ చెప్పిందంతా నిలబడే విన్నాడు.

అమ్మ వంటింట్లోంచి గబగబా వచ్చి, "నాదే తప్పు బిడ్డా. నేనే సరిగ ఒత్తలే" అంది.

"పసిపిల్లకు నీళ్లు పోసుడు గూడ రాదా నీకు?" అని అరిచాను.

అమ్మ తల దించుకుంది. నాయన దండెం మీది తువ్వాల తీసుకుని తలకు చుట్టుకుని, కాళ్లు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు. ఆ రోజు నా కళ్లకు అమ్మ తప్పు తప్ప ఇంకేమీ కనబడలేదు.

తర్వాత నేను చదువుకుని జీవశాస్త్రం టీచరునయ్యాను. మా కాపురం భద్రాచలంలో, ఉద్యోగం చర్ల దారిలో ఒక హైస్కూల్లో. పదో తరగతికి ప్రతి ఏడూ అనువంశికత పాఠం చెబుతాను. పిల్లల చేత నాలుకలు మడిపిస్తాను, చెవి తమ్మెలు చూపించమంటాను, ఎవరి పోలిక ఎవరికి వచ్చిందో ఇంటికెళ్లి చూసి రమ్మంటాను. ఒకసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడం, మీ నుదురు ఎవరిది?" అని అడిగింది. క్లాసంతా గొల్లుమంది.

"మా నాయనది" అన్నాను తడుముకోకుండా.

నాయనకు ముందు వైపు జుట్టు ఎక్కడో పైన మొదలయ్యేది. జనం బట్టతల అనుకునేవాళ్లు గానీ అది పుట్టుకతో వచ్చిన నుదురే. నాది అచ్చం దాని అచ్చు. ఈ సంగతి నలభై మంది పిల్లలకు చెప్పగలిగిన దాన్ని, మా అమ్మకు మాత్రం ఏనాడూ చెప్పలేదు. చెప్పే సందర్భం రాలేదని అనుకునేదాన్ని. రాకపోవడమేముంది, నేనే రానివ్వలేదు.

నేను కడుపుతో ఉన్నప్పుడు నాయన పోయాడు. బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులు, ఎన్నాళ్లని లాగుతాయి. కూతురు పుట్టాక అమ్మే వచ్చి నీళ్లు పోసింది. కాళ్లు, చేతులు, ముక్కు, అన్నీ శ్రద్ధగా సవరించేది. నుదుటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అరచేయి ఊరికే ఆనించి ఉంచేది.

"అమ్మా, నొసలు ఒత్తు" అనేదాన్ని. అనువంశికత పాఠం చెప్పే నోటితోనే.

"ఒత్తుతున్న లే" అనేది. ఒత్తేది కాదు. ఒకసారి చెడగొట్టిన చేతులు గదా, భయపడుతోంది పాపం అనుకున్నాను. పిల్లకూ అదే నుదురు వచ్చింది. మాటలు రాకముందే దానికి నుదుటి మీదికి జుట్టు కత్తిరించడం మొదలుపెట్టాను. ఇప్పటికీ కనుబొమల దాకా ఆ జుట్టు పడుతూనే ఉంటుంది.

పోయిన చలికాలం బడి పిల్లల్ని పర్ణశాల తీసుకెళ్లాం. గోదావరి ఒడ్డున టీచర్లమంతా ఫొటో దిగాం. సరిగ్గా అప్పుడే గాలి వచ్చి, నేను పొద్దున కష్టపడి ముందుకు దువ్వుకున్న జుట్టునంతా వెనక్కి తోసింది. తిరుగు ప్రయాణంలో ఆ ఫొటో మా స్టాఫ్ గ్రూపులోకి వచ్చింది. "మేడం నుదుటి మీద ఇంకో పర్ణశాల కట్టొచ్చు" అని ఒక సారు రాశాడు. అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, అదే బస్సులో, అదే ఫోనులో, నుదురు తగ్గించుకోవడానికి ఏమైనా ఉందా అని వెతికాను. ఉంది. అలాంటి ఆపరేషన్ ఒకటి ఉందని అంతవరకు నాకు తెలియదు. తెలిశాక ఇక వేరే ఆలోచన తోచలేదు.

మా ఆయన అడ్డు చెప్పలేదు. "నాకైతే ఏం లోపం కనబడలే. నీకు గంత బాధ ఉంటే చేయించుకో" అన్నాడు.

హైదరాబాదు డాక్టరు విషయం వివరంగా చెప్పాడు. నుదుటి పైభాగంలో కొంత చర్మం తీసేసి, జుట్టున్న మాడు చర్మాన్ని ముందుకు జరిపి కుట్టేస్తారట. మాడు మీద కొన్ని నెలలు స్పర్శ తెలియకపోవచ్చట. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా మేడం?" అని అడిగాడు. మా నాన్నగారికి అన్నాను. ఆయన తలూపి, ఊదారంగు పెన్నుతో నా నుదుటి మీద గీత గీసి అద్దం చేతికిచ్చాడు. గీతకు పైనున్నదంతా పోతుందన్నమాట. నేను గీతకు కింద ఉన్నదాన్నే చూసుకుని మురిసిపోయాను.

తేదీ ఖాయమయ్యాక అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"నొప్పి లేస్తదా?" అంది.

"మత్తిస్తరు. తెల్వదు."

"అవ్. మంచిదే." అంది. "గప్పుడు నేను ఒత్తి ఉంటే నీకు గీ కోత తప్పేది బిడ్డా."

అది నీ తప్పు కాదమ్మా అనే మాట నాలుక చివర ఉంది. అక్కడే ఆపేశాను. ఎందుకు ఆపానో నాకు బాగా తెలుసు. అమ్మ చేసిన తప్పయితే దిద్దుకుంటున్నానని చెప్పుకోవచ్చు. నాయన ఇచ్చిన పోలికయితే దాన్ని కోయించి పారేస్తున్నానని ఒప్పుకోవాలి. ఆ పాపం నా మీద పడకుండా, అరవై దాటిన అమ్మ నెత్తిన పెట్టి నేను తేలిగ్గా వెళ్లి ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాను. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

వేసవి సెలవుల్లో చేయించుకున్నాను. చుట్టుపక్కల వాళ్లకు సమాధానం చెప్పలేక, కట్టుతోనే కూతుర్ని తీసుకుని అమ్మ దగ్గరికి కొత్తగూడెం వెళ్లాను. ఆ ఎండల్లో తలకు కట్టు కట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో అక్కడ ఉన్నవాళ్లకే తెలుస్తుంది. అమ్మ జావ కాచిచ్చింది, కూలర్ నా వైపు తిప్పింది, వేళకు మాత్రలు గుర్తుచేసింది. నా మొహంలోకి మాత్రం చూసేది కాదు. మాట్లాడితే నా చేతులతోనో, కాళ్లతోనో మాట్లాడినట్టు మాట్లాడేది.

కట్టు విప్పిన రోజు నేను అద్దం వదల్లేదు. వాపు ఉంది, కుట్ల వెంబడి ఎర్రటి గీత ఉంది, అయినా అందరికీ ఉన్నంత నుదురే నాకూ ఉంది. ఏడుపొచ్చింది, సంతోషంతోనే. నా కూతురు వచ్చి పక్కన నిలబడి, అద్దంలో నన్నూ తననూ మార్చి మార్చి చూసింది.

"నాకెప్పుడు చేయిస్తవ్ అమ్మా?"

"పెద్దయినంక చూద్దాం లే" అన్నాను. అద్దంలోంచి కళ్లు తిప్పకుండానే అన్నాను.

కుట్లు తీయించుకుని వచ్చాక తల కడుక్కోవచ్చన్నారు. పెరట్లో పీట వేసి, గోరువెచ్చని నీళ్లు తోడి, అమ్మ నా వెనక కూర్చుంది. కుంకుడు రసం చల్లగా మెడ మీదికి జారింది. మాడు మీద మాత్రం ఏమీ తెలియడం లేదు. అమ్మ చెయ్యి అక్కడ ఉందో, తీసిందో నీడ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది. పసితనం నుంచి ఎరిగిన చెయ్యి అది. ఇక ఉండబట్టలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా చెప్పేశాను.

"అమ్మా, నువ్వు ఒత్తకపోతే వచ్చింది కాదే అది. ఎంత ఒత్తినా గట్లనే వస్తుండె. అది నాయన పోలిక. నీ తప్పు ఏం లేదు."

నీడలో చెయ్యి ఆగింది.

"నాకు తెల్వదా?" అంది అమ్మ.

నేను వెనక్కి తిరగబోతే కళ్లల్లో నురగ పడుతుందని భుజం పట్టి ఆపింది.

"మీ నాయన నొసలు రోజూ సూసేదాన్ని నాకు తెల్వదా ఏంది? నువ్వు గట్ల ఏడుస్తుంటే, తన పోలికతోనే బిడ్డ ఏడుస్తుందని ఆయన కుమిలిపోతడని, నేను మీదేసుకున్న, ఇప్పటిదాంక దించలే. అయినా ఆయనకు సమజైంది. ఆ పొద్దు తువ్వాల సుట్టిండు సూడు, మళ్ల తియ్యలే."

నీళ్లు పోసింది. కళ్లు మూసుకున్నాను. ముందు గదిలో గోడకున్న నాయన ఫొటో గుర్తొచ్చింది. తువ్వాలతో ఉంది. నా పెళ్లి ఫొటోల్లో తువ్వాల. రిటైరైన రోజు దండలు వేసిన ఫొటోలో కూడా తువ్వాలే. అది ఆయన అలవాటని ఇన్నాళ్లూ అనుకున్నాను.

"ఆయన పోయినంక నొసలు సూద్దామంటే ఒక్క ఫొటోల లేదు, గంతకుముందు మేం ఫొటోలు దిగిందెక్కడ" అంది అమ్మ. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపింది. "నీ మొహం మీదనే సూసుకునేదాన్ని. నీదేమో నీ ఇష్టం, నేనేమంట. పిల్లది మాత్రం ముట్టకు. దానికి నీళ్లు పోసేటప్పుడు నువ్వు ఒత్తు ఒత్తు అన్నా నేను ఒత్తలే."

సరేనమ్మా అన్నాను. అద్దం ముందు కూతురికి అప్పటికే మాట ఇచ్చేశానని చెప్పలేదు. తల తుడుచుకుంటుంటే వెక్కిళ్లు ఆగలేదు. అమ్మ కొంగుతో నా చెవుల వెనక తడి అద్దింది గానీ, ఊరుకోమని అనలేదు.

కూతురు స్నానం చేసి దువ్వెన పట్టుకుని వచ్చింది. దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, తడి జుట్టును మొదటిసారి నుదుటి మీద నుంచి మొత్తం వెనక్కి దువ్వి పిన్ను పెట్టాను. నాయన నుదురు బయటపడింది. గడపలో కూర్చున్న అమ్మ చేస్తున్న పని మరిచిపోయి చూస్తోంది.

పిల్ల చప్పున రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టుకుంది.

"వద్దమ్మా, అందరూ నవ్వుతరు. నువ్వు తీయించుకున్నవ్ గద."

చేతులు తియ్యి బిడ్డా అని పిల్లతో అమ్మ, నా వైపు చూస్తూ మెల్లగా అంది. అనాల్సింది నేను. నాకు మొహం చెల్లలేదు.