పసుపు గుడ్డ చెప్పిన సాక్ష్యం

1962 కార్తీకం. అప్పుడు నేను నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలకు తెగుళ్ళ మందులు చెప్పే ఫీల్డ్‌మన్‌ని. కెమిస్ట్రీలో డిగ్రీ ఉంది, దానికి మించిన పొగరూ ఉంది. పర్యావరణ శాస్త్రం చదివే పిల్లలు ఆసిడ్, బేస్ అంటే ఏమిటని అడిగితే ఇప్పటికీ నాకు పుస్తకం గుర్తుకు రాదు, సీతమ్మ గుర్తుకొస్తుంది.

ముసునూరు దారిలో శేషయ్యగారనే వ్యాపారి తోట ఉండేది. సీతమ్మ భర్త నాగయ్య దానికి కాపలాదారు. ఆలుమగలిద్దరూ తోటలోనే పాకలో ఉండేవారు. లేత ఆకులకు మచ్చ తెగులు వస్తే నేను బోర్డో మిశ్రమం కొట్టమన్నాను. అంటే మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, కరిగించిన నీళ్ళలో సున్నపు పాలు కలిపిన మందు. సున్నం బస్తా నేనే పంపాను. మైలుతుత్తం నీళ్ళకు ఆసిడ్ గుణం, సున్నానికి బేస్ గుణం. రెండూ తగుపాళ్ళలో కలిస్తే ఒకదాని ఘాటును రెండోది విరిచేస్తుంది. దాన్నే న్యూట్రలైజేషన్ అంటారు. సున్నం చాలకపోతే మిగిలిపోయిన రాగి ఆకును కాల్చేస్తుంది.

సరిగ్గా అదే జరిగింది. నాలుగు రోజులకు కబురొస్తే వెళ్ళి చూశాను. మందు కొట్టిన చెట్లన్నిటికీ చిగుళ్ళు మాడిపోయి వేలాడుతున్నాయి. నాకు ఒళ్ళు మండింది. కూలీలందరి ముందూ నాగయ్యను పట్టుకుని దులిపేశాను.

"తుత్తం ఎక్కువేసి చచ్చావు కదయ్యా! కొలిచి వెయ్యడం కూడా చేతకాదా?"

అక్కడే ఉన్న శేషయ్యగారు నాగయ్యతో, "రేపటికి పాక ఖాళీ చెయ్యి," అన్నారు.

నాగయ్య తల దించుకుని నిలబడ్డాడు. సీతమ్మే ముందుకొచ్చింది.

"తుత్తం సరిగ్గానే వేశాడండి. నేను పక్కనే ఉన్నాను. మీరు పంపిన సున్నమే చచ్చిన సున్నమండి. నీళ్ళు పోస్తే ఉడకలేదు."

"సున్నం సంగతి నాకు నేర్పుతావా?" అన్నాను.

"నేర్పడం కాదండి, చూపిస్తాను. చూసి అప్పుడు పొమ్మనండి, పోతాం."

ఆమె రెండు మట్టి మూకుళ్ళు తెచ్చింది. ఒకదానిలో నేను పంపిన సున్నం, రెండోదానిలో పాకకు వెల్ల వేయడానికి తాను బట్టీ నుంచి తెచ్చి, మూతపెట్టి దాచుకున్న గడ్డలు. నీళ్ళు పోసింది. ఆమె సున్నం బుసబుసమని పొంగి ఆవిరి కక్కింది. నాది బూడిదలా అడుక్కి దిగింది. తరవాత రెంటితోనూ నా లెక్క ప్రకారమే మందు కలిపింది. నా సంచిలో ఉండాల్సిన లిట్మస్ కాగితాలు వానాకాలంలోనే తడిసి పాడైపోయాయి. ఆ మాట పైకి చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాను.

ఆమె పాత చీర కొంగు చింపి రెండు గుడ్డముక్కలకు పసుపు పట్టించింది. "పిల్లలకి దిష్టి తియ్యడానికి ఎర్రనీళ్ళు కలుపుతాం కదండీ. సున్నం మంచిదైతే పసుపు ఎర్రబడుద్ది. లేకపోతే పడదు," అంటూ రెండు మందుల్లోనూ ముంచింది.

ఆమె సున్నం కలిపిన మందులో గుడ్డ ఎర్రబారింది. నాదాంట్లో పసుపు పసుపుగానే ఉండిపోయింది.

పసుపు బేస్‌లో ఎర్రబడుతుందని, అలా రంగు మారి గుట్టు చెప్పే పదార్థాన్ని ఇండికేటర్ అంటారని నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. తోటలో అది నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. నేను పంపిన బస్తా వానాకాలమంతా గోదాములో మూతి తెరిచి పడి ఉంది. సున్నం ముందు గాలిలోని తేమను, తరవాత కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని చాలావరకు సుద్దగా, అంటే కాల్షియం కార్బొనేట్‌గా మారిపోయింది. చూడటానికి అదే తెలుపు, పనికి మాత్రం సత్తువ లేదు. బడికెళ్ళని ఆ మనిషి అనుమానం వచ్చినచోట పక్కపక్కన రెండు పెట్టి, ఒక్క సున్నం తప్ప మిగతా అంతా సమానంగా ఉంచి తేల్చింది. అంత శుభ్రమైన ప్రయోగం నేను కాలేజీ లాబరేటరీలో కూడా చూడలేదు. మెచ్చుకోకుండా ఎలా ఉంటాను?

శేషయ్యగారు నా వైపు తిరిగి, "ఇప్పుడు ఎవర్ని పొమ్మనమంటారండీ?" అన్నారు.

నా తప్పు కప్పిపుచ్చుకోడానికి నాగయ్య మీదికే వెళ్ళాను. "సున్నం ఉడకలేదని ఆరోజే నాకు చెప్పొచ్చు కదయ్యా?"

అతను అప్పుడు తలెత్తాడు. గొంతులో కోపం కూడా లేదు.

"చెప్పానండి. మందు కలిపే రోజు మీరు తోటకొచ్చారు కదండీ. సైకిలెక్కుతూ, 'నీకేం తెలుసు, చెప్పింది చెయ్యి' అన్నారండి."

నాకు గుర్తే లేదు. కానీ ఆ మాట నాదేనని వినగానే తెలిసింది. కూలీలందరినీ పిలిచి, తప్పు నాగయ్యది కాదు, నాదేనని చెప్పాను. పాక వాళ్ళకు దక్కింది. నేను పంపిన సున్నం గాలికి చచ్చింది సరే, నాగయ్య చెప్పిన నిజాన్ని ఆరోజు చంపింది మాత్రం నేనే.