కటింగ్ మాస్టరు నడిపిన విమానం

మా కటింగ్ మాస్టరు ఏ దూరాన్నైనా విమానంలోనే కొలిచేవాడు. మా కార్ఖానాలో విమానాల సీట్లకు కవర్లు కుట్టేవాళ్ళం. ముప్ఫై ఇద్దరిలో ఒక్కరూ విమానం ఎక్కిన పాపాన పోలేదు. ఆయనా అంతే.

"ఎందుకమ్మా ఆలస్యం?" అని నన్ను నిలదీసేవాడు.

"బస్సులో గంట పట్టింది, మాస్టారూ!"

"అంటే గాల్లో ఎగిరితే రెండు నిమిషాలు. రెండు నిమిషాల దూరానికి ఇంత ఆలస్యమా?"

గోడకున్న ప్రపంచ పటం మీద ఆయన టేపు పాకుతూనే ఉండేది. గంటకు ఎనిమిది వందల కిలోమీటర్లు, లేవడానికీ దిగడానికీ కలిపి అరగంట. ఇదీ లెక్క. పొద్దున్నే కత్తెర పైకెత్తేవాడు: "ఈవేళ ఉప్పుగాలి వీచే ఊరి నుంచి మంచు కురిసే ఊరికి! రెండు వేల కిలోమీటర్లు, మూడు గంటలు!"

మిషన్లన్నీ ఒక్కసారిగా రొద పెట్టేవి. నేల వదిలేసినట్టే ఉండేది. గుడ్డల నుంచి లేచే నూగు, కిటికీ వెలుతురులో మబ్బులా తేలేది. ఒళ్ళోని నీలం గుడ్డ మడతలు మడతలుగా సముద్రమై జారేది. కింద ఎవరివో ఊళ్ళు, ఎవరివో దీపాలు. "దిగాం!" అని మాస్టరు అరిస్తే గానీ ఈ లోకంలోకి వచ్చేవాళ్ళం కాదు. దిగగానే అందరం లేచి ఒళ్ళు విరుచుకోవాలి. కుట్టు తగ్గలేదు గనక మేనేజరు ఆ పిచ్చిని పట్టించుకోలేదు.

ఇంతలో నా పక్క మిషను మీద కుట్టే మా వదినకు ఏడో నెల వచ్చింది. కాళ్ళు వాచిపోయాయి. "నలభై నిమిషాలకోసారి లేచి నడవకపోతే నీకూ బిడ్డకూ ప్రమాదం" అంది నర్సు. ఒంటరిగా లేస్తే మేనేజరు పేరు రాసుకుంటాడు. మూడోసారి పేరు పడితే పని పోతుంది. కడుపులో బిడ్డ కంటే కవరే ముఖ్యమనుకునే కంపెనీ మాది. వదిన పేరు అప్పటికే రెండుసార్లు పడింది.

మర్నాటి నుంచి మాస్టరుకు దూరాల మీద మోజు పోయింది. అన్నీ నూటముప్ఫై కిలోమీటర్ల ఊళ్ళే. టేపు మీద గోరంత!

"ఇదేం విమానం మాస్టారూ, ఊరూరా ఆగే బస్సులా?" అని నవ్వాను.

"నలభై నిమిషాలైంది. దిగాం! లేవండి, లేవండి!"

వదిన లేచి అటూ ఇటూ నడిచింది. అప్పుడు వెలిగింది నాకు.

మూడో రోజు మేనేజరు పుస్తకం పట్టుకొచ్చాడు. అందరం నిలబడే ఉన్నాం. ఎవరి పేరని రాస్తాడు?

"ఏంటయ్యా ఇది? నీ విమానం దూరం పోదా?"

"పోతుంది సార్. నెలలు నిండుతున్న మనిషిని దూరపు విమానం ఎక్కనివ్వరు. రూలు నాది కాదు, విమానాల వాళ్ళది. మనం కుట్టేది వాళ్ళ సీట్లేగా!"

మేనేజరు వదిన కాళ్ళకేసి చూశాడు. మా అందరి మొహాలకేసీ చూశాడు. పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

"ఈసారి ఊరు నువ్వే చెప్పు తల్లీ" అన్నాడు మాస్టరు.

వదిన కళ్ళు మూసుకుని పటం మీద వేలు పెట్టింది. అది పోయి నడిసముద్రంలో పడింది.

మాస్టరు టేపు పెట్టి చూసి, నిక్కచ్చిగా తలాడించాడు. "దీవి ఉంటుందిలే అక్కడ. లేకపోతే మనం వెళ్ళేలోగా లేస్తుంది."