ఒక రాశికి రెండు బరకాలు

మా ఊరు రిజర్వాయరు కింద మునిగినప్పుడు ఏమేం పోయాయో ముందు చెబుతాను. ఇళ్లు రెండు వందల పద్నాలుగు. బడి ఒకటి. దాని పంతులు వారంలో సగం రోజులు రాడు కాబట్టి బడిని నేను సగంగానే లెక్కేస్తాను. రామాలయం ఒకటి, మసీదు ఒకటి, చేదబావులు మూడు. నిమ్మచెట్లు, చింతచెట్లు, గొడ్ల పాకలు అన్నిటినీ అధికారులే తిరిగి ఎంచి, వాటి మీద సున్నంతో నంబర్లు వేశారు. మా పక్కింటి ముసలమ్మ అరుగు మీద పడుకుని ఉంటే, ఆమె లేచేదాకా కూడా ఆగకుండా ఆ అరుక్కీ ఒక నంబరు వేశారు. అంత శ్రద్ధగా ఎంచినవాళ్లు వదిలేసింది ఒక్కటే, ఏటి ఒడ్డున ఉన్న నాపరాయి బండ.

ఆ బండ మీద అరవై ఒక్క కల్లాలు ఉండేవి. మిరపకాయలు ఆరబోసుకునే చోటునే కల్లం అంటాం. బండ ఏటి వైపు వాలుగా ఉండేది కాబట్టి వాన పడినా నీరు నిలిచేది కాదు. ఎండకు పెనంలా కాగి, కాయను నాలుగు రోజుల్లో గలగలలాడించేది.

"కల్లాలు కూడా రాసుకోండి సార్" అన్నాను.

సర్వేకు వచ్చిన అధికారి బూటు కాలితో బండను తట్టి చూశాడు. "ఇది రాయి కదయ్యా. దేవుడు చేసినదానికి పరిహారం ఉండదు."

మనుషుల్ని చేసిందీ దేవుడే కదా, మరి మమ్మల్నెందుకు రాసుకున్నారు అని నేను అడగలేదు. అడిగితే ఆ పద్దు కూడా కొట్టేస్తాడేమోనని భయం.

మమ్మల్ని తెచ్చి దింపింది సత్తెనపల్లి వైపు, నల్లరేగడి పొలాల మధ్య వేసిన కాలనీలో. ఇంటికి ఐదు సెంట్ల చోటు. బోరు వేశారు. ఆ నీళ్లతో టీ పెడితే ఎవరో పొరపాటున చక్కెరకు బదులు ఉప్పు వేసినట్టుండేది. రోడ్లు మాత్రం దివ్యంగా వేశారు. ముప్పై అడుగుల సిమెంటు రోడ్లు ఆరు. అప్పటికి కాలనీలో ఉన్న బండ్లు రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో, ఆరు మోపెడ్లు. తొమ్మిది బండ్లకు ఆరు రోడ్లు! ఇంత సౌకర్యం ఏ మహానగరంలోనూ ఉండి ఉండదు.

పక్కనే ఉన్న పాత ఊరివాళ్లు మాకు 'ముంపోళ్లు' అని పేరు పెట్టారు. రేషన్ కార్డు మీద మా చిరునామా నాలుగు వరుసలుండేది, దానితో పోలిస్తే ఇది పొదుపైన పేరే. వాళ్లకు మంచినీళ్ల బావి ఉంది. అందులో తోడుకోవడానికి మాకు మిట్టమధ్యాహ్నం అనుమతి ఇచ్చారు. ఎండకు బావి దగ్గర ఎవరూ ఉండరు, మాకు రద్దీ బాధ ఉండకూడదని కాబోలు.

పట్నం నుంచి సాయం చేసేవాళ్లు కూడా వచ్చారు. షామియానా వేసి, పెద్ద కాగితం గోడకు అంటించి, మీ సమస్యలను మీరే గుర్తించండి అన్నారు. మేం 'నీళ్లు' అని రాశాం. చాలా బాగా గుర్తించారని చప్పట్లు కొట్టి, కాగితాన్ని ఫొటో తీసుకుని, మనిషికొక టోపీ ఇచ్చి వెళ్లిపోయారు. అబద్ధమెందుకు, కాయకోతల్లో ఆ టోపీలు బాగానే పనికొచ్చాయి.

ఇక లాభం లేదని మేమే ఒక సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షురాలు మా వీధిలో ఉండే అక్క. వరసకు అక్కే గాని, గొంతుకు ఇద్దరు అన్నల పెట్టు. భర్త పోయాక, మావాళ్లలో చాలామందిలాగే, పక్కనున్న పాత ఊళ్లోని ఒక పెద్ద రైతు దగ్గర రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసింది. లెక్కలు నాకు అప్పగించారు. ఏడో తరగతితో బడి మానేసినా, పత్తి మిల్లు కాటా దగ్గర తూకాలు వేస్తూ లెక్క నేర్చుకున్నవాణ్ణి. సంఘం చందాలతో కొన్న మొదటి ఆస్తి నలభై బరకాలు, అంటే వాన పడితే కాయల మీద కప్పే టార్పాలిన్లు.

రేగడి నేల మీద కాయ ఆరబోస్తే పైనుంచి ఎండ, కింది నుంచి చెమ్మ. పాత ఊరి రైతులు ఆ తంటాలు పడుతూ మా ఖాళీ రోడ్ల వైపు చూసేవాళ్లు. చివరకు అక్కకు పొలం కౌలుకిచ్చిన పెద్దాయనే వచ్చాడు.

"ఏమ్మాయ్, మీ రోడ్లు ఖాళీగానే పడున్నాయిగా?"

"మీ బావి మాత్రం? పొద్దుగూకులూ ఖాళీగానే ఉంటది కదా బాబాయ్?"

ఆయన నవ్వలేదు. మీసం మాత్రం కొంచెం కదిలింది. "సరే, పొద్దున్నా సాయంత్రం తోడుకోండి. కాయలు ఎత్తేదాకా రోడ్లు సగం మాకు."

"సగమంటే ఈ కొస మాకు, ఆ కొస మీకు కాదు. ఒక రాశి మీది, పక్కది మాది. అట్టా వరసగా."

"అదేం పంపకమే?"

"పక్కపక్కనుంటేనే గదా బాబాయ్, ఎవరి కాయ ఎర్రగా ఉందో చూసి రెండోవాళ్లు ఏడ్చేది."

నేను సుద్దతో గీతలు గీశాను. రోడ్డుకు ఇరవై నాలుగు రాశులు. ఎవరు ఊడవాలో, కుక్కలను ఎవరు తోలాలో, బిందెలు ఏ వేళకు తేవాలో అన్నీ పాత ఊరివాళ్లకు విడమరిచి చెప్పాం. ఒక్కటి చెప్పలేదు. అది చెప్పాల్సిన సంగతని మాకే తెలియదు.

మా బండ మీద ఒక పద్ధతి ఉండేది. మబ్బు పట్టగానే ఎవరూ తమ రాశి ముట్టుకోరు. ముందు కుడి పక్కవాడి రాశి కప్పాలి. మనది మన ఎడమ పక్కవాడు కప్పుతాడు. వరసలో చివరివాడు వచ్చి మొదటివాడిది కప్పుతాడు. పొలంలో ఉండిపోయినవాడి రాశి కూడా అలా తడవకుండా బతికేది, వాడి వంతు ఇంకొకరు చూసుకునేవారు. తన రాశి ముందు కప్పుకున్నవాణ్ణి పెళ్లి భోజనాల్లో చివరి బంతికి కూర్చోబెట్టేవాళ్లు. అప్పటికి పప్పు అడుగంటి ఉండేది.

మార్చిలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి లేచింది. మావాళ్లు బరకాలు పట్టుకుని, అలవాటు ప్రకారం పక్క రాశుల మీదికి ఉరికారు. పక్క రాశులంటే పాత ఊరివాళ్లవి.

"ఒరేయ్! ముంపోళ్లు మన కాయలు ఎత్తుకుపోతున్నార్రోయ్!"

"ఎత్తుకుపోటానికి కాదురా సచ్చినోడా, కప్పటానికి!"

"నా కాయలు నువ్వెందుకు కప్పుతావే?"

పుట్టి బుద్ధెరిగాక మావాళ్లను ఎవరూ అడగని ప్రశ్న అది. పాత ఊరివాళ్లు మావాళ్లను నెట్టేసి, కాయలు తగ్గాయేమో చూసుకుని, ఎవరి బరకాలు వాళ్లు కప్పుకున్నారు. అక్క తన బరకాన్ని పెద్దాయన రాశి మీద వేసింది. ఆయన ఆయాసపడుతూ వచ్చి, దాని మీదే తన బరకం పరిచి, అంచుల వెంట రాళ్లు పెట్టాడు. పక్కనే అక్క రాశి ఆకాశం వైపు నోరు తెరుచుకుని ఉంది. వాన దంచింది.

ఒక రాశికి రెండు బరకాలు, ఒక రాశికి సున్నా. సగటు తీస్తే తలా ఒకటి. ఏ కార్యాలయంలో చూపించినా, అందరికీ అందినట్టే తేలుతుంది.

అక్క కాయ పద్దెనిమిది బస్తాలు రంగు పోయి తాలు అయింది. తాలుకు మిర్చి యార్డులో సగం ధర కూడా రాదు. కౌలులో రెండో సగం పంట అమ్మాక కట్టాలి. పిడుగురాళ్ల వైపు నుంచి ఎవరో ఎక్కువ కౌలిస్తామంటున్నారని పెద్దాయన అప్పటికే రెండుసార్లు చెవిన వేశాడు. ఆ రెండెకరాలు పోతే అక్క మళ్లీ ఒకరి చేలో కాయకోత కూలికి పోవాల్సిందే.

ఆ సాయంత్రం ఆమె వసారాలోనే సంఘం కూర్చుంది. అందరి మొహాలూ ఎండుమిరపల్లా ఉన్నాయి.

"రేపే వాళ్ల కాయలు ఎత్తించి డొంకలో పోయించాలి" అన్నాడొకాయన.

"పోయించు. ఎల్లుండి మీ ఆవిడ బిందె తీసుకుని ఎక్కడికి పోద్ది?" అంది అక్క. "అసలు పక్కవాడిది ముందు కప్పాలని వాళ్లకు మనం చెప్పామా?"

"అది కూడా చెప్తారా అక్కా?"

"చెప్పకపోతే ఎట్టా తెలుస్తది? ఆ బండతో పాటే మునిగిపోయె."

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్తూ, లెక్క చెప్పడానికని నన్ను వెంటబెట్టుకుంది. ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నాడు.

"బాబాయ్, మీ రాశి మీద రెండు బరకాలున్నాయి, చూశారా?"

"చూశా. పైది నాది."

"అడుగుది నాది."

పేపరు మడిచాడు. "నీది వదిలేసి నాదెందుకు కప్పావమ్మాయ్?"

పద్ధతి అంతా చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "ఏవయ్యా, ఇదేం పిచ్చి లెక్క?" అన్నాడు. ఇరవై నాలుగు రాశులు, ఇరవై నాలుగు బరకాలు, ఎవరు ఎవరిది కప్పినా మొత్తం అదేనండి అని చెప్పాను. కాసేపు వేళ్లు మడిచి చూసుకున్నాడు.

"అయితే నేను కప్పాల్సింది?"

"పద్ధతి ప్రకారం మీ కుడి పక్కవాడిది. ఈసారికి మాత్రం నా బరకం మీ రాశి మీద పడింది కాబట్టి నాదే" అంది అక్క. "తాలు అమ్మితే ఎంతొస్తే అంత కౌలు కింద కడతా. మిగతాది వచ్చే పంటకు. మీరు మాత్రం నాకొక బరకం బాకీ. మీ చేత్తో నా రాశి మీద బరకం పడేదాకా నేను పొలం వదలను."

"ఎవరన్నా వింటే నవ్వుతారు."

"నవ్వనీండి. వాళ్లేమన్నా కౌలు కడతారా?"

ఆయన మీసం సవరించుకున్నాడు. "సరే పో. మళ్లీ వాన పడ్డ రోజు కప్పేస్తా. అదే రోజు పొలం నాకు అప్పజెప్పెయ్."

ఆ నెలలోనే మళ్లీ మబ్బు పట్టింది. పెద్దాయన బరకం భుజాన వేసుకుని వచ్చేసరికి అక్క తన రాశి మీద బరకం పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దాని మీద చతికిలబడి ఉంది. కాలనీకి వచ్చాక మావాళ్లలో తన రాశి తానే ముందు కప్పుకున్న మొదటి మనిషి మా సంఘం అధ్యక్షురాలే. ఆయన రాశిని ఈలోగా మావాళ్లెవరో కప్పేశారు.

"ఇదేంటమ్మాయ్? ఆచారం మర్చిపోయావా?"

"చివరి బంతికే కూర్చుంటాలే బాబాయ్."

ఆయన తన బరకాన్ని ఆమె బరకం మీదే పరచబోయాడు.

"కప్పినదాని మీద కప్పితే లెక్కకు రాదు. ఆ సంగతి మీకే బాగా తెలుసు."

"ఏవయ్యా, నిజమేనా?" అని నన్నడిగాడు.

"రాదండి" అన్నాను. కాటా దగ్గర నేర్చుకున్న లెక్కలన్నీ ఒక్క పూటలో గిట్టుబాటయ్యాయి.

ఇప్పుడు పాత ఊరివాళ్లు కూడా పక్క రాశే ముందు కప్పుతున్నారు, ఇద్దరు ముగ్గురు తప్ప. వాళ్లకు పెళ్లిళ్లలో అడుగంటిన పప్పే వడ్డిస్తున్నాం. సంఘం బరకాలు రెండు ఊళ్లవాళ్లూ వాడుకుంటున్నారు. ఈ మధ్య పట్నం నుంచి మళ్లీ మనుషులొచ్చి, ఇంత ఐకమత్యం ఎలా సాధించారో గోడకు అంటించిన కాగితం మీద రాయమన్నారు. 'వాన' అని రాశాం. చప్పట్లు కొట్టి టోపీలిచ్చారు.

ఏటా మబ్బు పట్టగానే అక్క అందరికంటే ముందు ఉరికి తన రాశి కప్పేసుకుంటుంది. పెద్దాయన మామూలు రోజుల్లో పొలం గట్ల మీద నాకంటే చురుగ్గా నడుస్తాడు. మబ్బు పట్టిన రోజు మాత్రం మోకాళ్లు పట్టుకుని, దారిలో పలకరించిన ప్రతివాడి దగ్గరా ఆగి, తీరిగ్గా వస్తాడు. వచ్చి, "అయ్యో, అప్పుడే కప్పేశావా" అంటాడు. ఆ రెండెకరాల్లో ఈ ఏడు కూడా అక్క నారే పడింది.

ప్రభుత్వం నుంచి మాకు రావాల్సిన కల్లాలు అరవై ఒకటి. పెద్దాయన నుంచి అక్కకు రావాల్సింది బరకం, ఒకటి.