ఖాలిద్ అన్న మోసిన నా తప్పు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఏళ్ల తరబడి గుండె మీద బండలా ఉన్న సంగతి ఇది. నా భార్యకు కూడా తెలియదు.

సింగపూర్‌లో సెంబవాంగ్ వైపు ఓడలు బాగుచేసే ఒక చిన్న యార్డులో పనిచేసేవాణ్ణి. మా ఫోర్‌మన్ ఖాలిద్, మలయ్ మనిషి. అందరం అబాంగ్ అనేవాళ్లం, అంటే అన్న. పరంజా కట్టాక ప్రతి చెక్కనూ తానే తొక్కి చూసి, ఆ తర్వాతే మనుషుల్ని ఎక్కనిచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం, ఆయన చూసి వెళ్లిపోయాక, హోస్ పైపు పైకి లాగడానికి అడ్డొస్తోందని ఒక చెక్కను కదలకుండా పట్టి ఉంచే క్లాంపు విప్పాను. తర్వాత బిగిద్దామనుకున్నాను. మరిచిపోయాను. సాయంత్రం రంగులు వేసే మొహసిన్ ఆ చెక్క మీద కాలు పెట్టాడు. చెక్క తిరగబడింది. ప్రాణం దక్కింది గానీ నడుము విరిగింది. పడుకోబెట్టే వాళ్ల దేశం బంగ్లాదేశ్‌కు పంపించారు.

విచారణలో అడిగారు, ఖాలిద్ చూశాక పరంజాను ఎవరైనా ముట్టుకున్నారా అని. "లేదు సార్" అన్నాను. భయంతో అన్నానా? లేక ఆయన చోటు ఖాళీ అవుతుందన్న ఆలోచన అప్పటికే మనసులో ఏ మూలో మెదిలిందా? మెదల్లేదని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను.

క్లాంపు సరిగ్గా చూడలేదని ఆయన్ని మామూలు పనివాళ్లలోకి దించారు. ఆ చోట్లో నన్ను పెట్టారు. మర్నాడు ఆయన వచ్చి, "ఈరోజు నన్ను ఏ పనిలో వేస్తావు?" అని అడిగాడు. ఎత్తిపొడుపు లేదు. అదే భరించలేకపోయాను. ఒకరోజు భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. మాది మలయ్, ఇంగ్లిష్ కలిసిన మాట, తెలుగులో చెబుతున్నాను.

"అబాంగ్, నా కింద పనిచెయ్యడం కష్టంగా లేదా?"

"అదేం లేదు" అని నవ్వాడు. "మా నాన్న నాకు ఎవరి పేరు పెట్టాడో తెలుసా? ప్రవక్త సహచరుడు ఖాలిద్. మొదట ప్రవక్త మీదే కత్తి దూసినవాడు, తర్వాత ఆయన వైపు వచ్చాడు. ఎన్ని యుద్ధాలు గెలిచాడో! అంతటివాణ్ణి ఖలీఫా సేనాపతి పదవి నుంచి తీసేసి ఇంకొకర్ని పెట్టాడు. ఆయన అలిగి ఇంటికెళ్లలేదు. ఆ కొత్త సేనాపతి కిందే పోరాడాడు. చివరికి ఒళ్లంతా గాయాల మచ్చలతో మంచం మీద పోయాడు, యుద్ధంలో చావు రాలేదని ఏడుస్తూ."

నాకు కాస్త ఊపిరాడింది. అప్పుడాయన చెంచా పక్కన పెట్టాడు.

"కానీ తమ్ముడూ, ఆయన్ని తప్పు చేశాడని తియ్యలేదు. గెలుపంతా ఆయన వల్లేనని జనం నమ్ముతున్నారని తీశారు. నేనైతే తప్పే చేశాను. ఆ క్లాంపు చూశాననే అనుకున్నా. ఇప్పుడెంత తల్చుకున్నా గుర్తు రావట్లేదు. నమాజులో కూడా మొహసినే కనిపిస్తున్నాడు."

చెప్పాల్సింది అప్పుడే. నోరు తెరిచాను కూడా. "టీ తాగుతావా, అబాంగ్?" అన్నాను.

కిందటేడు ఆయన పోయాడు. ఖననానికి వెళ్లాను. "మీ గురించి నాన్న ఎప్పుడూ మంచిగానే చెప్పేవారు, అంకుల్" అన్నాడు కొడుకు. తలూపాను.

ఫోర్‌మన్ పని పోయిందని ఆయన కుంగలేదు. చెయ్యని తప్పును చేశానని నమ్మి, ఆ నమ్మకంతోనే కన్నుమూశాడు. క్షమించమని అడగడానికి ఇప్పుడు ఎవరున్నారు? మీరు క్షమించలేరు. అడగను కూడా. ఒక్కసారి, ఒక్క మనిషికైనా, నిజం ఉన్నదున్నట్టు చెప్పాలి.

అబాంగ్ సరిగ్గానే చూశాడు. క్లాంపు విప్పింది నేను.