మొక్కిన పోతు కార్జం

నా చిన్నప్పుడు చీకటికి జడుసుకుని చూపు పోగొట్టుకున్నానని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. కాదయ్యా, కాదు అని ఎన్నిసార్లు చెప్పాలి? మొన్న ఫోన్లో మా చుట్టాల గ్రూపులో ఎవడో మళ్లీ అదే రాశాడు. ఫోన్ చేతిలోంచి దించని ముసలిదాన్ని కదా, వెంటనే చదివాను, వెంటనే ఒళ్లు మండింది. నాకు వచ్చింది రేచీకటి. అది కంటి జబ్బు, పిరికితనం కాదు.

నేను పట్నంలో పుట్టి పెరిగాను. అమ్మ లేదు. మా నాన్నను బాపు అనేదాన్ని. బాపు నిజాం మీద పోరాడే సంఘంలో చేరి, దళంతో అడవికి పోతూ నన్ను రామన్నపేట దగ్గర పల్లెలో తన తల్లి, మా అవ్వ దగ్గర వదిలాడు. పోలీసు చర్య జరిగింది, నిజాం రాజ్యం పోయింది, బాపు మాత్రం రాలేదు. రజాకార్ల భయం తీరిందనుకుంటే, దళాలను వెతుక్కుంటూ మిలిటరీ తిరగడం మొదలైంది. అవ్వ వాళ్లది గొర్లు, మేకలు కాసే ఇల్లు. మందను దొర మనుషులు అంతకుముందే తోలుకుపోయారు. ఇంటి వెనక దాచిన ఒక్క మేకపోతు మిగిలింది. కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఎల్లమ్మకు ఇస్తానని అవ్వ మొక్కుకున్న పోతు అది.

ఆ ఎండాకాలమంతా మేం తిన్నది జొన్న రవ్వతో వండిన గట్క, చింతపండు పులుసు. పాలు లేవు, ఆకుకూర మాడిపోయింది. పొద్దుగూకితే నాకు కాళ్లు ఆడేవి కావు. గడప తన్నుకుని పడేదాన్ని. పిలిస్తే ఉన్నచోటి నుంచి కదిలేదాన్ని కాదు. ఆ రోజుల్లో పొద్దుగూకితే ఊరందరికీ భయమే, బూట్ల చప్పుడు వినబడితే పెద్దవాళ్లే గొంతు తగ్గించేవారు. అందుకే నాదీ భయమే అనుకున్నారు.

"పట్నంల కరెంటు దీపాల కింద పెరిగిన పోరి. మన చీకటి సూసి జడుసుకున్నది," అని తేల్చింది పక్కింటి పెద్దమ్మ. తాయెత్తు కట్టించారు.

"నేను జడుసుకోలే!" అని అరిచేదాన్ని. అరుస్తూ లేచి గోడకు గుద్దుకునేదాన్ని. పిల్లలు నవ్వేవారు. నాకూ ఏమీ అర్థం కాలేదు. చీకటి అందరికీ అంతే నల్లగా ఉంటుందనుకున్నాను.

వారపు సంత జరిగే ఒక అంగడినాడు అవ్వ నన్ను రామన్నపేట తీసుకుపోయింది. అంగడికి పట్నం నుంచి ఒక కండ్ల డాక్టరు వచ్చి కూర్చునేవాడు. పడుచువాడు, ముక్కు మీద కోపం. మా వంతు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. చిన్న అద్దంతో నా కంట్లోకి వెలుగు పంపి చూశాడు. తెల్లగుడ్డు మీద ఎండిన మచ్చను వేలితో చూపించి, ఇది రేచీకటి అన్నాడు.

"కాదు సార్, జడుపు," అంది అవ్వ. "ఊరంత గదే అంటున్నరు."

ఆయన విసుక్కున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, పక్క దుకాణం నుంచి బెల్లం ముక్క తెప్పించి, నన్ను అవ్వ ఒళ్లో కూర్చోబెట్టమన్నాడు. అంగడి జనం ఇంకా దీపాలు లేకుండానే మూటలు కట్టుకుంటున్నారు. నా ముందు పరిచిన గోనె మీద బెల్లం పెట్టి, తిను బిడ్డా అన్నాడు. నేను తడిమాను. గోనె, మట్టి, ఆయన చెప్పు దొరికాయి, బెల్లం దొరకలేదు. నన్ను ఆట పట్టిస్తున్నాడనుకుని ఆయన్ని ఒక్క తన్ను తన్నబోయాను, అది పోయి మందుల పెట్టెకు తగిలింది.

"తన్నుడు గూడ గురి తప్పింది," అని నవ్వాడు. అవ్వ వైపు తిరిగాడు. "సూసినవా అవ్వా? ఒళ్లో నువ్వున్నవ్, కడుపుల ఆకలున్నది. జడుపైతే బెల్లం కనవడకుండ పోతదా?"

కంటి వెనక పల్చటి పొర ఉంటుందని, మసక వెలుగును పట్టుకునేది అదేనని, తిండి చాలక నాకు అది ఆ పని చేయలేకపోతోందని చెప్పాడు. ఇట్లాగే వదిలేస్తే ముందరి గుడ్డు ఎండి పగిలి, పగటి చూపు కూడా పోతుందన్నాడు. దీనికి మందు చేప నూనె, అది తన దగ్గర అయిపోయింది, మిలిటరీ కాపలాతో సరుకు రావడం లేదు, మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు.

"అందాంక మేక కార్జం పెట్టు. మొక్కులు, తాయెత్తులు తర్వాత సూసుకో. జల్ది."

కార్జమంటే కాలేయం. మాకు ఉన్నది ఆ మొక్కిన పోతు ఒక్కటే. ఇంటికి రాగానే అవ్వ నేరుగా వెనక పోతు దగ్గరికి పోయింది.

తెల్లారి పోతును కోయడానికి పిలిస్తే, మొక్కిన జీవాన్ని ముట్టనన్నాడు కోసేవాడు. పక్కింటి పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి గుండె బాదుకుంది. "ఓ వదినా, ఎల్లమ్మ సొత్తు గది! కొడుకు ఆడ అడవిల ఉండంగ గీ పని జేస్తవా?"

అవ్వ కొంగు బిగించి కత్తి చేతిలోకి తీసుకుంది. ఎల్లమ్మ గుడి దిక్కు తిరిగి, పొరుగింటామెతో మాట్లాడినట్టే మాట్లాడింది. "తల్లీ, కొడుకు ఏడున్నడో నాకు కనవడ్తలేదు. వాని సంగతి నువ్వు సూస్కో. పిల్ల నా కండ్ల ముందున్నది. దీని సంగతి నేను సూస్కుంట."

కార్జం నిప్పుల మీద కాల్చి, కారం కూడా చల్లకుండా పెట్టింది. తాను ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టి, రోజుకు కాస్త తినిపించింది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం, పొద్దు పోయాక కూడా వాకిలి నాకు కనబడుతూనే ఉంది. అరుద్దామని నోరు తెరిచి ఆగిపోయాను. అవ్వ బయట రాయి మీద కూర్చుని, అడవి నుంచి వచ్చే బాటనే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. రోజూ ఆ వేళకు అట్లాగే కూర్చునేదట. నాకు ఆ వేళ చూపు ఉంటే కదా తెలియడానికి! ఆమె నా కోసం కోసింది ఏమిటో అప్పుడు తెలిసింది.

బాపు రాలేదు. ఎక్కడ పోయాడో కూడా ఎవరూ చెప్పలేదు. మొక్కు తప్పిందని, అందుకే కొడుకు రాలేదని ఊరు అవ్వ ముఖం మీదే అంది. ఆమె ఎవరితోనూ పోట్లాడలేదు. ఎల్లమ్మ మీదా అలగలేదు. బతికినన్నాళ్లూ ఏటా ఆ తల్లికి బోనం కుండ నెత్తిన ఎత్తింది.

నాకు మాత్రం అవ్వంత ఓర్పు లేదు. ఆ సాయంత్రం చూసిన ఆమె ముఖం ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. దేవుడికి మొక్కుకున్నామని చేతిలో ఉన్న మందును ఆపేవాళ్లను చూస్తే, పెళ్లి పందిట్లో అయినా సరే పోట్లాటకు దిగుతాను. తప్పంటారా? అయితే ఆ తెల్లారి మా వాకిట్లో నిలబడి, కత్తి కింద పెట్టమని మా అవ్వకు మీరు చెప్పగలిగేవారా?