నేస్తం చేతికి దారం

మా అత్త పోయిందని మామయ్య ఫోన్ చేసినప్పుడు నేను కాన్వెంట్ జంక్షన్ దగ్గర సిటీ బస్సులో ఇరుక్కుని ఉన్నాను. ముందూ వెనకా పోర్టు లారీలే. "మీ అత్త మరి లేదమ్మా" అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాడు. పొద్దున్న ఇడ్లీ తిని లేవబోతూ గుమ్మం దగ్గర కూలబడిందట. మొదటిసారి చేతితో సరిపెట్టిన పక్షవాతం ఈసారి మనిషినే పట్టుకుపోయింది. పక్క సీటావిడ నీళ్ళ సీసా ఇచ్చింది. ఏడుపు కన్నా ముందు భయం వేసింది. భీమిలిలో ఉన్న ఆవిడ నేస్తానికి ఈ కబురు ఎవరు చెప్తారు?

అత్త అంటే మా నాన్న చెల్లెలు. గాజువాకలో ఇంటి ముందు గదిలోనే ఫ్యాన్సీ షాపు పెట్టుకుంది. గాజులు, రిబ్బన్లు, బొట్టుబిళ్ళలు, ఎంబ్రాయిడరీ దారాలు. బేరమాడే ఆడవాళ్ళతో దెబ్బలాడేది, దెబ్బలాడుతూనే వాళ్ళ పిల్లలకి ఊరికే రిబ్బను ముక్క చుట్టి ఇచ్చేది. నోరు మంచిది కాదని వీధిలో పేరు. ఆ నోటితోనే నన్ను పెంచింది కాబట్టి నాకూ అదే వచ్చింది.

నేస్తం సంగతి తెలియని వాళ్ళకి చెప్పాలి. మా వైపు ఊళ్ళలో ఇద్దరు ఆడపిల్లలకి మనసు కలిస్తే పెద్దవాళ్ళు నేస్తం కట్టించేవారు. బొట్టు పెట్టుకుని, పూలూ బట్టలూ ఇచ్చిపుచ్చుకుంటే ఇక వాళ్ళు చుట్టాలే, చుట్టాల కన్నా ఎక్కువే. ఆ పూట నుంచి పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుచుకుంటారు. ఆనందపురం అవతల ఊళ్ళో అలా కట్టుకున్న ఈ ఇద్దరిలో ఒకరు భీమిలికీ ఒకరు గాజువాకకీ కోడళ్ళయ్యారు. ఫోన్లు వచ్చాక సాయంత్రం టీ వేళకి ఒకరి గొంతు ఒకరు వినకపోతే ఇద్దరికీ టీ దిగేది కాదు.

ఆగస్టు వచ్చిందంటే షాపు నిండా ఫ్రెండ్‌షిప్ డే పిల్లలు. ఒకసారి ఒక కాలేజీ పిల్ల బెంచీ మీద కూర్చుని, మోకాలి దగ్గర చున్నీకి పిన్నీసు పెట్టి రంగు దారాలు ముడులు వేస్తోంది. ఏటమ్మా అదని అత్త అడిగింది. స్నేహితురాలికి బ్రేస్‌లెట్ అని చెప్పింది ఆ పిల్ల. తమకి నేస్తం కట్టినప్పుడు అన్నీ ఉన్నాయి గానీ ఇదొక్కటే తక్కువైందని, అత్త ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంది. మొదట కట్టింది అచ్చం పురికొస ముక్కలా ఉండేది. మామయ్య దాన్ని చూసి మేకని కడతావా అన్నాడు. అయినా పట్టుకెళ్ళి నేస్తం చేతికి కట్టి వచ్చింది. అప్పట్నుంచి ఏటా ఒకటి, ఏటికేడూ నాజూకుగా.

తరవాత నీటికాసులు వచ్చి ఆ నేస్తానికి చూపు పోయింది. మానేస్తుందనుకున్నాం. అత్త ఇంకా కఠినంగా తయారైంది. రంగులెలాగూ ఆమెకి లేవు, ఇక మిగిలినవి ముడులే కదా అనేది. కట్టిన దారాన్ని ఆ నేస్తం బొటనవేలితో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమేది. ఒకచోట ఆగి, "ఇక్కడ నీకు బేరమొచ్చింది కదా నేస్తం?" అనేది. నిజంగానే వచ్చి ఉండేది. ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు.

ఈ ఏడు జూన్‌లో, దారం సగానికి వచ్చిందో లేదో, అత్త కుడిచెయ్యి పడిపోయింది. మాట పోలేదు. అదే ఆవిడకి దొరికిన సందు. సాయంత్రం ఫోన్లో ఏమీ జరగనట్టే కబుర్లు చెప్పేది. ఎన్నాళ్ళు దాస్తావని నేను గట్టిగా అడిగాను.

"తెలిస్తే కళ్ళు లేని మనిషి ఒక్కతీ బస్సెక్కి వచ్చేస్తాది. ఏటయినా అయితే నాను బతికుండీ సచ్చినట్టే" అంది. తరవాత దిండుకి గుచ్చి ఉన్న ఆ సగం దారం వైపు చూపించింది. "మిగతాది నువ్వు కట్టాల. నా సెయ్యే అనుకోవాల అది. ఏలితో కనిపెట్టేస్తాది, జాగ్రత్త."

అలా ఆఫీసు నుంచి వచ్చి ఆవిడ మంచం మీద కూర్చోవడం మొదలైంది. నాది తొందర చెయ్యి. ముడి వేస్తే మళ్ళీ ఊడకూడదన్నట్టు లాగేదాన్ని. దాంతో పట్టీ ఎండిన చింతకాయలా వంకర తిరిగేది. అత్త సూది ఇచ్చి వరసలకి వరసలు విప్పించేది. విప్పుతుంటే ఏడుపొచ్చేది నాకు. "దారం నీ సుట్టమే, దొంగ కాదు. పీక నొక్కకు" అనేది.

ఒక్కో ముడికీ రెండు మెలికలు. మొదటిది చోటు చూసుకోవడానికి, రెండోది అక్కడ కుదురుకోవడానికి. రెండింటినీ ఒకేలా లాగాలి, అదీ పక్కకి కాదు, పైకి, ముందు వరసని తాకేదాకా. లోపల మోసే దారం బిగువుగా ఉండాలి, పైన చుట్టే దారం మెత్తగా ఉండాలి. నేను దాన్నే తలకిందులు చేసేదాన్ని. వరస మొదట్లో ముడి వదులైతే అంచు పళ్ళు పళ్ళుగా వస్తుంది, అందుకని అక్కడ ఊపిరి బిగబట్టమనేది. ఆఫీసులో ఎవరితోనైనా తగువుపడి వచ్చిన రోజు దారం ముట్టనిచ్చేది కాదు. మొహం కడుక్కుని రా, నీ మేనేజర్ని నా నేస్తం చేతికి కట్టకు అనేది.

జూలై వానల్లో ఒక సాయంత్రం, పట్టీ తన ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఎడంచేతి బొటనవేలితో తడిమింది. తన ముడులు ఎక్కడ ఆగాయో, నావి ఎక్కడ మొదలయ్యాయో వెతికింది. మళ్ళీ తడిమింది. దొరకలేదు. అత్త నవ్వింది. నేనూ నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. తన చెయ్యి ఇక అక్కర్లేదని తెలిసిన మనిషి నవ్వు అది. గోడ వైపు తిరిగి చాలాసేపు ఏడ్చింది. నేను కాళ్ళు పట్టాను.

చివరి వరసలు మాత్రం నాకివ్వలేదు. దారం కొస పళ్ళతో పట్టుకుని, ఎడంచేత్తో తనే వేసింది. ఒకటి వదులు, ఒకటి బిగువు, ఒకటి ఏకంగా వెనక్కి తిరిగింది. ఇంత దాచి, ఇంత నేర్పించి, ఆఖర్న ఇదేం పని అని విసుక్కున్నాను. విప్పి సరిచేస్తానన్నాను.

"ముట్టుకోకు. ఉండనీ" అంది. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇక అడిగే వీలు లేకుండా పోయింది.

కబురు చివరికి మామయ్యే చెప్పాడు. నేస్తం కోడలి భుజం పట్టుకుని ఆటో దిగేసరికి అత్తని హాల్లో పడుకోబెట్టి ఉంచారు. ఏడుపులు విని దారి పోల్చుకుని వచ్చి పక్కన కూర్చుంది. గట్టిగా ఏడవలేదు. అంతమందిలో అది బాగుంటుందో లేదో చూసుకోకుండా, నేను ఆ దారం తెచ్చి ఆమె చేతికి కట్టాను. ఈ ఏటిది, అత్త కట్టింది అన్నాను.

బొటనవేలు బయల్దేరింది. అత్త ముడుల మీదుగా నా ముడుల మీదకి ఎక్కడా తడబడకుండా వచ్చింది. గెలిచానని ఒక్క క్షణం అనిపించింది, ఆ శవం పక్కనే. తరవాత వేలు చివరి వరసల దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఇదెవులు కట్టినారు? నా నేస్తం ఇలగ కట్టదమ్మా" అంది.

ఇక నావల్ల కాలేదు. జూన్ నుంచి అన్నీ చెప్పేశాను. కుడిచెయ్యి పడిపోయిందనీ, నీకు తెలియకూడదని దాచిందనీ, మధ్యలోవి నావనీ. "ఈ సివరివే అత్తవి. ఎడంచేత్తో కట్టింది" అన్నాను. ఊళ్ళో మాట నాకే తెలియకుండా నోట్లోకి వచ్చేసింది.

ఆమె దుప్పటి మీద చెయ్యి చాపి వెతుక్కుంటూ అత్త కుడిచేతిని అందుకుంది. దాన్ని ఒకసారి నిమిరి మెల్లగా పక్కన పెట్టింది.

"ఎడం సెయ్యేదమ్మా?" అని అడిగింది.

తీసి ఆమె అరచేతిలో పెట్టాను. బయట ఎవరో ఇక బయల్దేరాలని తొందర పెడుతున్నారు. ఆమెకి అవేవీ వినపడలేదు. వంగి, అత్త ఎడంచేతి వేళ్ళని చిటికెన వేలు నుంచి ఒక్కొక్కటే తడుముకుంటూ, ప్రతి వేలి దగ్గరా ఆగుతూ వస్తోంది.